పక్షుల కట్ట

వెంకటేశులు కూతురు హిందూపురంలో మగపిల్లోళ్ల మధ్య కూర్చోని పేకాట ఆడతాండాదని యశోదమ్మ కొళాయి కాడ ఆదిలక్ష్మమ్మతో చెప్పిందంట. ఆదిలక్ష్మమ్మ కడుపులో ఆ మాట ఎంతసేపుంటుంది? చంకలో బిందె దించకుండానే వచ్చి హేమావతి చెవిన వేసి పోయింది.

కీర్తన రోజూ ధర్మవరంలో రైలెక్కి హిందూపురం డిగ్రీ కాలేజీకి పోయొస్తాది. ఆ సాయంత్రం గడప తొక్కీ తొక్కకముందే వాళ్లమ్మ హేమావతి బ్యాగు లాక్కోని అందులోని ముక్కల కట్ట బయటికి తీసింది. మగ్గం గుంతలో కూర్చున్న వెంకటేశులు నాడె విసరడం ఆపి తలెత్తినాడు.

మగ్గం మీద ఉండేది కొత్త అంచు చీర. హిందూపురం షావుకారు ఒక్కడికే నేస్తానని మాటిచ్చినాడు. మాట తప్పితే ఆయన ఇంక ఈ గడప తొక్కడు. ధర్మవరంలో కొత్త అంచు ఎవరి కంటన్నా పడిందంటే మరమగ్గాల మీదికి ఎక్కినట్టే. అందుకే చీర నేసి మగ్గం మీంచి కోసేదాకా, ఎవరొచ్చినా దానిమీద పాతగుడ్డ కప్పేస్తాడు.

అది పేకాట కాదని, పందెం లేదని కీర్తన చెప్పుకొచ్చింది. మాయలు, రాక్షసులు ఉండే కార్డుల ఆట. ఎవరి కట్ట వాళ్లే కూర్చుకోవాల. గెలిచేదానికి కాదు, ముచ్చటకి. కాలేజీలో తనతో ఆడే నితిన్ అన్నీ కప్పలే పెట్టినాడు, తనేమో అన్నీ పక్షులే. గెలిపించే డ్రాగన్ చేతికొచ్చినా, రెక్కలుంటే సరా, పక్షి కాదు గదా అని పక్కన పెట్టేసింది. రైలు పెనుకొండ దాటినాక దినామూ అదే పని, ఒకటి తీసేది, ఒకటి చేర్చేది.

ముక్కలు ముక్కలే, పేరు మారిస్తే పేకాట కాకుండా పోతుందా అనింది హేమావతి.

నమ్మించాలని కీర్తన కట్ట విప్పి చాప మీద పరిచింది. నిప్పుగూబలు, మూడుతలల నెమలి. వెంకటేశులు మొహంలో నవ్వు మెదిలింది. అది చూసి ఆ పిల్లకు ఉషారొచ్చింది. వెనకపక్క ఇంకా బాగుంటుందని, కార్డులకేసిన ప్లాస్టిక్ తొడుగుల్లో తానే బొమ్మ ముక్కలు చేసి పెట్టినానని, ఒక్కొక్కటే బోర్లించి పక్కపక్కన పేర్చింది.

పేర్చేకొద్దీ బొమ్మ కలిసిపోతా వచ్చింది. గండభేరుండం, దాని కింద జంట చిలకలు, మళ్లీ గండభేరుండం. మగ్గం మీద సగం నేసిన అంచే అది.

వెంకటేశులు గుంతలోంచి పైకొచ్చినాడు. గుడ్డ తీసున్నప్పుడు ఫోన్లో ఫోటో తీసుకున్నానని, పక్షుల కట్టకి మన పక్షులైతేనే అందమని కూతురు చెప్తానే ఉండాది. ఆయన అరవలేదు. అరిచింటే హేమావతికి కొంచెం ధైర్యంగా ఉండేది.

“ఇది ఎవరికన్నా చూపినావా, పాపా?”

“ఆడేటప్పుడు ఎదుటోళ్లకి కనపడేది ఈ పక్కే గదా, నాయనా.”

“ఫోటోలు తీసినారా?”

“అందరూ తీసినారు. మొన్ననే నెట్లో పెట్టేసినారు.”