సెకండ్ పోస్ట్ పబ్బులో తివాచీ

ఉదయం ఎనిమిదింటికి సెకండ్ పోస్ట్ పబ్బు తలుపులు తెరుస్తారు. ఎనిమిదీ అయిదుకి మేనేజరు నడీన్ వాక్యూమ్ క్లీనర్ బయటికి తీస్తుంది. ముందు కౌంటరు దగ్గర, తర్వాత కిటికీల వరస, ఆఖరున పద్నాలుగో నంబరు బల్ల. అక్కడ కూర్చున్న క్లైవ్ పాదాల మీదుగా, పిక్కల మీదుగా, మోకాళ్ళ మీదుగా గొట్టం నడిపిస్తుంది.

"కాస్త చెయ్యెత్తు బాబాయ్. నడుం దగ్గర చిప్స్ ముక్కలు ఇరుక్కున్నాయి."

క్లైవ్ చెయ్యెత్తుతాడు. ఎత్తిన చేతిలో గ్లాసు ఉంటుంది.

ఎర్డింగ్టన్ అనే ఇంగ్లీషు ఊరి పెద్ద బజారు, హై స్ట్రీట్‌లో ఆ భవనం ఒకప్పుడు పోస్టాఫీసు. దేశమంతా పబ్బులున్న ఒక కంపెనీ దాన్ని కొని, పాత గుర్తుగా, రోజులో రెండోసారి వచ్చే టపా పేరు పెట్టింది. ఆ కంపెనీవాళ్ళ ప్రతి పబ్బుకీ దాని తివాచీ దానికే ఉంటుంది. ఇక్కడిది ముదురు నీలం. దాని మీద ఉత్తరాల మీద కొట్టే ముద్రల్లాంటి ఎర్రని గుండ్రాలు. తొక్కగా తొక్కగా దారులు పడిన చోట తప్ప, మిగతా అంతా ఇంకా బలంగానే ఉంది.

ఆ తివాచీకి ఎవరి మీదా పగ లేదు. కదలకుండా ఉన్నదాన్ని కప్పుతుంది, అంతే.

క్లైవ్ ఇరవై ఏడేళ్ళు తాళాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. క్రిస్మస్ ముందు ఫ్యాక్టరీ మూసేశారు. జనవరిలో, ఇంట్లో ఉండి ఏం చెయ్యాలో తోచక, టిఫిను తినడానికి ఇక్కడికి వచ్చాడు. కాఫీ ఒకసారి కొంటే ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. వారం తిరక్కముందే కాఫీ తర్వాత తొమ్మిదింటికి ఒక బీరు మొదలైంది. ఫిబ్రవరిలో బూట్ల అడుగున నీలం పోగులు కనిపించాయి. ఈస్టరుకి తివాచీ చీలమండలు కప్పేసింది. జూన్‌లో మోకాళ్ళు. అప్పటినుంచి రాత్రిళ్ళు కూడా అక్కడే. మేడమీది టాయిలెట్‌కి వెళ్ళే అవసరం కూడా అప్పుడే పోయింది. ఇప్పుడు పక్కటెముకల దాకా వచ్చింది. చొక్కా ఏదో, తివాచీ ఏదో తెలియదు. బొత్తాలున్న చోట ఎర్రని గుండ్రాలున్నాయి.

వెనకటికి కనీసం గ్లాసు ఖాళీ అయితే మనిషి లేచి కౌంటరు దాకా నడవాల్సి వచ్చేది. ఆ పది అడుగుల నడక చాలామందిని కాపాడింది. కంపెనీ ఆ కష్టం కూడా లేకుండా చేసింది. ఫోనులో బల్ల నంబరు నొక్కితే గ్లాసు నడిచి వస్తుంది.

క్లైవ్ భార్య గేనర్ బడి వంటశాలలో పనిచేస్తుంది. రెండున్నరకి పని ముగించుకుని తిన్నగా పబ్బుకి వచ్చి, అతని ఎదురుగా కూర్చుని అయిదింటిదాకా ఉండేది. ఒక్క టీ తాగేది. వేసుకొచ్చిన కోటు విప్పేది కాదు. విప్పితే ఆ చోటుని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె పట్టుదల.

"లే క్లైవ్. ఇంటికి పోదాం."

"ఈ గ్లాసవనీ."

"నిన్నా ఇదే అన్నావు."

"నిన్నటి గ్లాసు వేరు."

పక్క కుర్చీలోంచి రాయ్ నవ్వేవాడు. క్లైవ్‌కంటే ఏడాది ముందు వచ్చి కూర్చున్నవాడు. గడ్డం దాకా తివాచీయే. ఒక చెయ్యి మాత్రం, బల్ల మీద ఆనించి ఉండటం వల్ల, మిగిలింది. ఆ చేత్తోనే ఫోను నొక్కుతాడు. ఒకడు తెప్పిస్తే రెండోవాడు తెప్పించాలి. మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు.

గేనర్ చెయ్యని ప్రయత్నం లేదు. క్లైవ్ అన్న వచ్చి చంకల కింద చేతులేసి లాగాడు. నడుం పట్టేసి ఆయనే పది రోజులు మంచాన పడ్డాడు. ఒకరోజు గేనర్ కుట్టు కత్తెర తెచ్చి మోకాలి దగ్గర నాలుగు పోగులు కత్తిరించింది. పోగుల్లోంచి రక్తం కారింది. క్లైవ్ కేక వేశాడు. నడీన్ తడిగుడ్డ తెచ్చి తుడిచి, "ఇక్కడ కత్తెర్లు వద్దమ్మా, పిల్లలు తిరిగే చోటు," అంది. డాక్టరు ఉత్తరం రాసిచ్చాడు. ఆసుపత్రి వాళ్ళు వచ్చే వసంతకాలంలో రమ్మన్నారు, నడిచి రాగలిగితే.

బయటినుంచి లాగితే తివాచీ వదలదు. మనిషి తనంతట తాను లేవాలి. హై స్ట్రీట్‌లో కోడి వేపుళ్ళ కొట్టువాడి దగ్గర్నుంచి చర్చి ఫాదరు దాకా అందరికీ ఆ సంగతి తెలుసు. లేవాలనిపించేలా చెయ్యడం ఎలాగో మాత్రం ఎవరికీ తెలియదు.

బుధవారం నాడు తలుపుకి కాగితం అంటించారు. సోమవారం నుంచి మూడు వారాలు మూత. రంగులు వేస్తారు. తివాచీ మారుస్తారు.

గేనర్ కాగితం రెండుసార్లు చదివి లోపలికి వచ్చింది. "నడీన్, మరి వీళ్ళ సంగతేంటి?"

నడీన్ గ్లాసులు తుడుస్తూ తల ఎత్తలేదు. "పై ఆఫీసుకి రాశానమ్మా. కస్టమర్లు ఆదివారం మూసే వేళకల్లా వెళ్ళిపోవాలని జవాబిచ్చారు."

"వెళ్ళలేనివాళ్ళో?"

"సోమవారం ఏడింటికి పనివాళ్ళు వస్తారు. డడ్లీ ఊళ్ళో మన పబ్బు తివాచీ మారుస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నా. గోడ పక్కనున్న గొట్టాల చుట్టూ ఎలా కోస్తారో అలా కోస్తారు. వచ్చినంత వస్తుంది. మిగిలింది చుట్టి లారీలో వేస్తారు." గ్లాసు కింద పెట్టింది. "అక్కడ ఇద్దరు. నేను చూడలేక వంటింట్లోకి పోయాను. మీరు ఎలాగైనా తీసుకుపోండి అమ్మా."

గురువారం గేనర్ క్లైవ్‌ని బతిమాలింది. శుక్రవారం తిట్టింది. శనివారం పెళ్ళినాటి ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టింది. క్లైవ్ దాన్ని చాలాసేపు చూశాడు. "మంచి కోటది," అన్నాడు. తర్వాత, ఎంతో జాగ్రత్తగా, తడవకుండా, గ్లాసుకి దూరంగా జరిపాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ రాత్రి గేనర్ నిద్రపోలేదు. తెల్లారి అద్దంలో తన మొహం చూసుకుని, రేపటికి నేను విధవనన్నా అవుతాను, కాకనన్నా పోతాను అనుకుంది. చర్చికి వెళ్ళలేదు. నలభై ఏళ్ళలో అది మొదటిసారి.

ఆదివారం పన్నెండింటికల్లా పబ్బు కిక్కిరిసిపోయింది. మూడు వారాలు దొరకదని ఊరంతా అవాళే వచ్చింది. గేనర్ తన కుర్చీలోంచి లేచి టీ కోసం కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

పబ్బులో లేచి వెళ్ళేవాళ్ళు కుర్చీ మీద కోటు వేసి వెళ్ళాలి. కోటు లేని కుర్చీ ఎవరిదీ కాదు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన గేనర్‌కి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆమె కోటు ఆమె ఒంటి మీదే ఉంది.

టీ పట్టుకుని వచ్చేసరికి కుర్చీ లేదు.

"ఏదయ్యా నా కుర్చీ?"

"ఎవరో కుర్రాడు అడిగాడు. ఎవరైనా కూర్చుంటున్నారా అని," అన్నాడు క్లైవ్.

"నువ్వేమన్నావు?"

"తీసుకోమన్నాను. మర్యాదగా అడిగాడు."

గేనర్ చుట్టూ చూసింది. గది నిండా మనుషులు, పళ్ళేలు, బఠాణీలు, నవ్వులు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కుడి తుంటి ఎముక అరిగిపోయిందని డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. బడిలో కూడా స్టూలు వేసుకునే పనిచేస్తుంది. ఇక్కడ కావాలంటే ఎవరినైనా అడగొచ్చు. అడగలేదు. అడగాల్సిన పని లేకుండా లేవవలసిన మనిషి ఎదురుగా ఉన్నాడు.

ఒంటిగంట అయింది. టీ చల్లారింది.

"రేపు ఏడింటికి కత్తులతో వస్తారు క్లైవ్. వింటున్నావా?"

"వింటున్నాను."

"కోస్తారు. నిన్ను. ఇక్కడా, ఇక్కడా." ఆమె వేలితో అతని పక్కటెముకల మీద గీత గీసి చూపింది. వేలికి మనిషి తగల్లేదు, ఊలు తగిలింది.

"రాయ్ ఒకటి చెప్పాడు నాకోసం. వస్తోంది. అది తాగకుండా ఎలా పోతాను?"

"రాయ్, నీకు పుణ్యముంటుంది, ఆపు," అంది గేనర్.

"నొక్కేశానమ్మా. వెనక్కి తీసుకోడానికి బొత్తం లేదు ఇందులో," అన్నాడు రాయ్.

గ్లాసు వచ్చింది. క్లైవ్ తాగాడు. గేనర్ ఎడమ కాలి మీద బరువు వేసి, కుడి కాలు నేలకి ఆనీ ఆనకుండా పెట్టి, పెదవి కొరుక్కుంటూ నిలబడింది. రెండయింది. ఆమె కోటు గుండీలు అతని కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. అతను వాటిని కిటికీని చూసినట్టు చూస్తున్నాడు. ఇక మాటలు లేవు ఆమె దగ్గర. పదకొండు నెలల్లో అన్నీ అయిపోయాయి. వీడు పోతాడు అనుకుంది. నేను నిలబడి చూస్తూ ఉండగానే పోతాడు.

అప్పుడు ఒక ముసలావిడ చక్రాల వాకర్ తోసుకుంటూ ఆ దారిన వచ్చింది. ఎనభై దాటి ఉంటుంది. వానకి తడవకుండా తలకి ప్లాస్టిక్ గుడ్డ కట్టుకుంది. కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, పద్నాలుగో నంబరు బల్ల దగ్గర ఆయాసంతో ఆగింది.

"కాసేపు ఇక్కడ ఆనుకోనా నాయనా? మా అమ్మాయి ఆర్డరిస్తోంది."

"ఆనుకోవడమేంటమ్మా, కూర్చోండి," అంటూ క్లైవ్ లేచాడు.

అతను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే లేచేవాడు కాదు. ఏడేళ్ళప్పుడు పదకొండో నంబరు బస్సులో, ఒక పెద్దావిడ నిలబడి ఉండగా తను కూర్చుని ఉన్నందుకు వాళ్ళమ్మ అందరి ముందూ చెంప పగలగొట్టింది. ఆ తర్వాత యాభై నాలుగేళ్ళు అతని మోకాళ్ళు అతన్ని అడక్కుండానే ఆ పని చేస్తూ వచ్చాయి. ఇప్పుడూ చేశాయి.

పాత దుప్పటి చింపినట్టు పెద్ద చప్పుడైంది. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూసి మళ్ళీ చిప్స్ తినడంలో పడ్డారు. నీలం పోగులు రాలి కుర్చీ కింద కుప్ప పడ్డాయి. బూట్లూ, చొక్కా తివాచీలోనే ఉండిపోయాయి.

"ఇంకా ఉన్నారు నాయనా, పెంపకం ఉన్నవాళ్ళు," అంటూ ముసలావిడ కుర్చీలో కూలబడి వాకర్ పక్కకి నెట్టుకుంది.

క్లైవ్ రెండు చేతులూ బల్ల మీద ఊని ఊగుతూ నిలబడ్డాడు. చొక్కా లేని పక్కటెముకలు తెల్లగా, పిండిలో పొర్లినట్టున్నాయి. తల ఎత్తాడు. ఎన్నో నెలల తర్వాత ఇద్దరూ నిలబడి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు.

"నువ్వింతసేపూ నిలబడే ఉన్నావా?" అన్నాడు.

"రెండు గంటలు," అంది గేనర్.

తన ఏడుపుకి లేవని మనిషి, ముక్కూ మొహం తెలియని ముసలిదానికి లేచాడు. ఇతని మర్యాదంతా బయటివాళ్ళకే. కట్టుకున్నదాన్ని ఆ వరసలో ఎవరూ నిలబెట్టలేదు, వాళ్ళమ్మతో సహా. ఈ మాట అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎందుకు లేచాడన్నది తర్వాత చూసుకోవచ్చు. లేచాడు.

క్లైవ్ కుర్చీ వైపు చూశాడు. అందులో మనిషి ఉంది. గదంతా చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు.

గేనర్ రాయ్ వైపు వంగింది. "రాయ్, నువ్వూ లే. చూశావుగా, ఊడి వస్తుంది."

రాయ్ కళ్ళు మాత్రం కదిలాయి. "నా కుర్చీ ఎవరూ అడగలేదు కదమ్మా."

"నేనడుగుతున్నాను. కాళ్ళు పీకుతున్నాయి. నాకియ్యి."

రాయ్ ప్రయత్నించాడు. నుదుటి మీద నరం ఉబ్బింది. మెడ దగ్గర ఊలు కొద్దిగా సాగి, మళ్ళీ బిగుసుకుంది. "నువ్వు కావాలని అడుగుతున్నావు. అది నాకు తెలుసు. తెలిస్తే కుదరదు," అన్నాడు. చాలాసేపు ఊపిరి తీసుకుని, "వెళ్ళండి మీరు. నా గ్లాసు ఇటు జరిపి వెళ్ళండి," అన్నాడు.

"మీ అమ్మాయికి ఫోను చేస్తాను. నంబరు చెప్పు."

"మార్చేసింది."

గేనర్ గ్లాసు జరపలేదు. అతని చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలింది. ఆ రాత్రంతా, ఆ తర్వాత ఎన్నో రాత్రులు, ఇంకా ఏదైనా చేసి ఉండాల్సిందా అని ఆమె తనని తాను ప్రశ్నించుకుంది. ప్రశ్నించుకోవడం న్యాయమే.

క్లైవ్ చెయ్యి పట్టుకుని నడిపించాలని ఆమెకి ఉంది. పట్టుకోలేదు. లాగితే ఏమవుతుందో చూసింది. తలుపు వైపు నడిచింది, కుంటుతూ, వెనక్కి తిరక్కుండా. జనం పక్కకి తప్పుకుంటూ క్షమించాలి, క్షమించాలి అంటున్నారు. తలుపు తోసుకుని బయటి రాతిమెట్టు దిగి, గుర్రప్పందేల కొట్టు ముందు ఆగింది. వాన అప్పుడే వెలిసింది. బస్సొకటి వచ్చి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది. ఆమె కోటు జేబులో గుప్పిట బిగించుకుని ఎదురుగా ఉన్న గోళ్ళ రంగుల కొట్టు బోర్డు చదివింది. చదివిందే మళ్ళీ చదివింది. వెనక తలుపు తెరుచుకుంది, లోపలి గోల వినిపించింది, మూసుకుంది. ఎవరో పిల్లలు పరిగెత్తుకుంటూ పోయారు. మళ్ళీ తెరుచుకుంది.

ఈసారి మూసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆమె పక్కన తడి పేవ్‌మెంటు మీద రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. చీలమండల మీద ఎర్రని గుండ్రాలు ఇంకా పోలేదు.

"నేల చల్లగా ఉంది," అన్నాడు క్లైవ్.

పదకొండు నెలల్లో అతను చలనీ, వేడనీ ఒక్క మాట అనలేదు.

"అవును," అంది గేనర్. "నవంబరు కదా."