అల్లుడు తెచ్చిన జాడీ

కెంగ్ ఓడరేవు నుంచి ఆ జాడీని చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పొదివి పట్టుకొచ్చాడు. మోకాలిని మించిన ఎత్తు, తేనెరంగు మెరుగు, బిగుతైన మూత. పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని చుట్టూ తట్టి చూసి, చూరు కింద బోర్లించాడు. అందులో బియ్యం పోయలేదు, ఉప్పు వేయలేదు, కల్లు పట్టలేదు. లిపాయ్‌కి అనుమానం పుట్టింది అక్కడే.

"ఎందుకది?"

"మా అన్నకి."

కెంగ్ అన్న హోక్ చలిజ్వరంతో పోయి ఆరేళ్ళయింది. అన్నదమ్ములిద్దరూ చీనా తీరంలో ఒకే ఓడెక్కి ఈ దీవికి వచ్చి, ఎర్రజుట్టు దొరల చెరకు తోటల్లో కత్తి పట్టారు. అన్న ఆ తోట గట్టు మీదే మట్టిలో కలిశాడు. తమ్ముడు జింకతోళ్ళు కొనడానికని సింకన్ ఊరికి వచ్చి, లిపాయ్ ఇంటికి అల్లుడయ్యాడు.

"ఇప్పుడు తవ్వి తీస్తావా ఏంటి?"

"తీయాలి. ఎముకలు తుడిచి, ఎండబెట్టి, ఇందులో కూర్చోబెట్టి మా ఊరు పంపాలి. మా నాన్న పక్కన పెట్టాలి."

"పంపడమంటే? జాడీకి కాళ్ళున్నాయా?"

"ఓడెక్కిస్తే పోతుంది."

"ఒక్కటే పోతుందా?"

"చూద్దాంలేవే," అన్నాడు కెంగ్ చెప్పులు విడుస్తూ.

ఆ 'చూద్దాంలే' లిపాయ్ గొంతులో ముల్లులా దిగింది. ఆ ఊళ్ళో ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవి. మొగుడు వస్తాడు, పొసగకపోతే పోతాడు. సొంత ఊరి మగాడైతే ఎంత దూరం పోతాడు, మహా అయితే వీధి చివరి ఇంటికి. కనబడినప్పుడల్లా నాలుగు తిట్టుకోవచ్చు. చీనా మొగుడు పోతే సముద్రం దాటి పోతాడు. తిట్టడానికి కూడా దొరకడు.

పక్కింటి వాదీ మొగుడు అలాగే పోయాడు. వాదీకి ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ మొగుళ్ళను కాపు కాయడమే పని.

"మా ఆయన కూడా వాళ్ళ నాన్నకి జబ్బన్నాడే," అంది వాదీ వక్క కొరుకుతూ. "వారంలో వస్తానన్నాడు. ఎదురు చూసీ చూసీ నా పళ్ళు నల్లబడ్డాయి గానీ ఆయన రాలేదు. నీ మొగుడు అన్న ఎముకలంటున్నాడా? బాగుంది. అక్కడ పెళ్ళాం ఉందేమో అడిగావా?"

"లేదన్నాడు."

"ఉందని ఏ మొగాడు చెబుతాడే పిచ్చిదానా!"

ఒకరోజు సన్నగా తుంపర పడింది. తోళ్ళు తడుస్తున్నా పట్టించుకోని కెంగ్ పరుగెత్తుకెళ్ళి జాడీని ఇంకాస్త లోపలికి జరిపి, తన చొక్కాతోనే అడుగూ అంచూ తుడిచాడు. "తడి చుక్క తగలకూడదు లిపాయ్. తడిలో పెడితే చచ్చినవాడికి నెమ్మదుండదు, ఇంటి దారి దొరకదు. అన్నిటికంటే పెద్ద దోషం అదే," అన్నాడు. ఇంత శ్రద్ధ తన మీద ఎప్పుడైనా పెట్టాడా అని లిపాయ్ లోపల మండిపోయింది. ఆ రోజు నుంచి అతని ప్రతి పనిలోనూ ఆమెకు ప్రయాణమే కనిపించింది. చెప్పులు కుట్టించుకుంటే ప్రయాణానికే. తోళ్ళు తొందరగా అమ్మేస్తే ప్రయాణానికే. కడుపునిండా తిని నవ్వితే అదీ ప్రయాణం సంతోషమే.

గాలి దక్షిణానికి తిరిగితే ఓడలు బయలుదేరతాయి. ఇంకో జాడీ కావాలంటే అవి మళ్ళీ తిరిగి రావాలి. ఈ జాడీ పగిలితే కెంగ్ ఈ ఏడాదికి కదలడు, పగలడానికి కారణం తనేనని తెలియకపోతే చాలు. లిపాయ్ లెక్క అంతవరకే సాగింది. అంతవరకు సరిగ్గానే ఉంది.

బడిలో పెద్దవాళ్ళకు ప్రార్థనలు నేర్పే రోజున, అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే ఆగింది. పంతులు వార్నార్ ఎర్రజుట్టు దొరల మనిషి, ఊరి భాష వచ్చినవాడు. ఎవరింట్లో ఏ విగ్రహముందో, ఏ మూల ఏ పూజ జరుగుతోందో వాసన పట్టడమే అతనికి అన్నం కన్నా ఇష్టం.

"పంతులుగారూ, మా ఇంట్లో ఒక జాడీ ఉందండీ. మా ఆయన తెచ్చాడు. చచ్చినవాళ్ళ ఎముకలు పెట్టుకుంటారట."

పంతులు కళ్ళు చిన్నవయ్యాయి. "నీ ఇంట్లోనా? బాప్తిస్మం తీసుకున్నదాని ఇంట్లో?"

"అందుకేనండీ చెప్పాను. మీరొచ్చి పగలగొట్టేస్తే పీడ వదులుతుంది. ఆయన్నేమీ అనకండి."

"రేపు మధ్యాహ్నం వస్తాను."

చీనావాళ్ళను దొరలు తిడతారే గానీ ఎక్కువ కొట్టరు. వాళ్ళు లేకపోతే చెరకు నరికే చేతులుండవు. లిపాయ్ ఇదంతా ఆలోచించే చెప్పింది. తల్లి గురించి మాత్రం ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పనేముందని?

తల్లి తబుకాన్ ఒకప్పుడు ఊరి పెద్దల ఆత్మలతో మాట్లాడిన మనిషి. అప్పట్లో ఆమె ఇంటి మూలన నీళ్ళు నింపిన కుండ ఉండేది. ఆ నీళ్ళలోకి పెద్దలు వచ్చి కూర్చునేవారు. దొరలు ఆ కుండ పగలగొట్టి, అలాంటి ఆడవాళ్ళందరినీ ఊళ్ళకు దూరంగా దీవి ఉత్తరాదికి తరిమేశారు. చాలామంది అక్కడే పోయారు. తబుకాన్ రెండేళ్ళ కిందటే తిరిగొచ్చింది, నోట్లో నాలుక లేనిదానిలా. పులిసి కల్లు కావడానికి బియ్యం నమిలి కుండలో ఊసిపెట్టడం, ఎండలో కూర్చోవడం, అంతే. మళ్ళీ పట్టుబడితే ఊరందరి ముందు బెత్తం దెబ్బలు, మళ్ళీ ఉత్తరాది. ఆ దారి ఇంకోసారి నడిచే వయసు కాదామెది.

మర్నాడు పొద్దున్నే కెంగ్ గంప పట్టుకుని చెరకు తోట వైపు వెళ్ళాడు. లిపాయ్ పొలానికి వెళ్ళిందే గానీ మనసు పనిలో నిలవలేదు. సూర్యుడు నడినెత్తికి రాకముందే ఇంటికి వచ్చింది. చూరు కింద జాడీ లేదు.

వెళ్ళిపోయాడా?

లోపలికి ఉరికింది. జాడీ ఇంటి మూలన నిటారుగా నిలబడి ఉంది. అంచుకు రెండు వేళ్ళ కింద వరకు నీళ్ళు. పైన పచ్చటి వక్కాకు. తబుకాన్ దాని ముందు గొంతుక్కూర్చుని, కల్లులో వేళ్ళు ముంచి చిలకరిస్తోంది. ఆమె మొహం అలా వెలగడం లిపాయ్ చూసి ఎన్నేళ్ళయిందో.

"అమ్మా! ఏం చేస్తున్నావే!"

"అల్లుడు తెచ్చాడే నా కోసం," అంది తబుకాన్. "నోరు తెరిచి అడగలేదు నేను. బియ్యం పోయకుండా, ఉప్పు వేయకుండా ఖాళీగా ఉంచాడు చూడు. ఖాళీ కుండ ఇంటికి తెచ్చి పెట్టాడంటే ఎవరికి? పెద్దలకే కదా. నా బిడ్డవి నీకు తోచలేదు, సముద్రం అవతలి వాడికి తోచింది."

"అది నీది కాదమ్మా! పారబోయ్, పంతులు వస్తున్నాడు!"

"వచ్చి కూర్చున్నారే వాళ్ళు. కూర్చున్నవాళ్ళను పారబోస్తానా?" తబుకాన్ రెండు చేతులతో జాడీని కౌగిలించుకుంది. లిపాయ్ లాగింది. ముసలి చేతుల్లో అంత బలం ఎక్కడిదో, ఊడి రాలేదు. అంతలో వాకిట్లో బూట్ల చప్పుడు.

పంతులు, వెనక ఇద్దరు సిపాయిలు. వాళ్ళ వెనకే కెంగ్. భుజాన గంప, గంపలో తెల్లగుడ్డ మూట. గుమ్మంలోంచి లోపలి మూలను చూసి అతను ఆగిపోయాడు. జాడీని చూశాడు, నీళ్ళను చూశాడు, వక్కాకును చూశాడు, అత్తను చూశాడు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నవాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఈ నీళ్ళు ఎవరు పోశారు?" అన్నాడు పంతులు. ఎముకల కోసం వచ్చినవాడికి అంతకన్నా మంచి వేట దొరికింది, గొంతులో ఆ సంబరం తెలుస్తూనే ఉంది. "ముసలిదానా, నువ్వేనా?"

తబుకాన్ తలెత్తింది. దాచే మనిషి కాదు. నోరు తెరిచింది.

"నేనే పంతులుగారూ," అన్నాడు కెంగ్. "జాడీ నాది. మా అన్నది."

"నీళ్ళెందుకు?"

"ఎముకలు కడగడానికి. మా ఆచారం."

"ఆకు?"

"వాసనకి."

పంతులు నమ్మలేదు. "ఏదీ, కడుగు చూద్దాం."

కెంగ్ మూట విప్పాడు. తోటలోనే ఎంత శ్రమపడి తుడిచాడో, ఎముకలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. పాదాల ఎముకలు ముందు, తర్వాత పిక్కలవి, తొడలవి, నడుము, పక్కటెముకలు, కూర్చున్న మనిషిని పేర్చినట్టు ఒక్కొక్కటే నీళ్ళలోకి దించాడు. నీళ్ళు పొంగి నేల మీదికి కారాయి. ఆఖరున పుర్రెను రెండు చేతులా పట్టుకుని ఒక్క క్షణం ఆగి, దాన్నీ ముంచాడు.

తడి చుక్క తగలకూడదు అన్న మాట లిపాయ్ చెవుల్లో గింగురుమంది. ఆమె గోడకు ఆనుకుంది.

పంతులు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. "ఛీ. శవాల జాడీ అని చెబితే ఏమో అనుకున్నాను. నిజంగా అదే. చీనావాళ్ళ చావులు నా పని కాదు. మూత పెట్టు." సిపాయిలను తీసుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

కెంగ్ మూత పెట్టాడు.

"తీసేద్దాం," అంది లిపాయ్. "మళ్ళీ తుడిచి ఎండబెడదాం. నేను చేస్తాను."

"ఒకసారి కూర్చోబెట్టాక తీయకూడదు. తడిసినవాణ్ణి ఏ మొహం పెట్టుకుని మా అమ్మ దగ్గరికి పంపను? ఓడ సరంగుతో మాట్లాడుకున్నాను, తనే చేరుస్తానన్నాడు. ఇక రావొద్దని చెప్పాలి."

"సరంగా? నువ్వు వెళ్ళడం లేదా?"

"నేనెందుకు వెళ్తాను?" కెంగ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా ఇల్లు ఇదే కదా."

లిపాయ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది, అందుకే మింగేసింది.

తబుకాన్ లేచి అల్లుడి తల మీద చెయ్యి పెట్టింది. "మా వాళ్ళ నీళ్ళలో కూర్చున్నాడు. ఇక మీ అన్న ఈ ఇంటివాడే. నేను చూసుకుంటా నాయనా."

కెంగ్ తలూపాడు. తర్వాత మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "పంతులు శవాల జాడీ అన్నాడు. ఎవరో చెప్పారన్నాడు. అత్తకే తెలియదు అదేంటో. నేను చెప్పింది సరంగుకి, నీకు."

లిపాయ్ నేల మీది నీళ్ళు గుడ్డతో ఒత్తుతోంది.

"నువ్వెవరితోనైనా అన్నావా లిపాయ్?"

"వాదీతో అన్నానేమో. దాని నోరు నీకు తెలుసుగా."

"ఊఁ. వాదీ." కెంగ్ ఇంకేమీ అడగలేదు. మళ్ళీ బియ్యం ముందు కూర్చున్న తబుకాన్ మాత్రం నమలడం ఆపి కూతురి వంక చూసింది. చూసి, మళ్ళీ నమిలింది.

అన్నం తిన్నాక కెంగ్ తన చాప చుట్టి పట్టుకుని, ఎప్పుడూ పరిచే చోటు వదిలేసి మూలకు వెళ్ళాడు. జాడీకీ లిపాయ్ చాపకీ మధ్యన దాన్ని పరిచి, జాడీకి వీపు ఆనించి, ఆమె వైపు తిరిగి కాపలా కూర్చున్నాడు. ఇక అతను ఎక్కడికీ పోడు. ఆమె కోరుకున్నది అదే.