మాటలు తమ్ముడి వాటా

నేను ఒక హోమ్ థియేటర్ రిసీవర్‌ని. టీవీ కింద నల్లగా, బరువుగా కూర్చుని ఉంటుందే, ఏదో డీవీడీ ప్లేయరు కాబోలనుకుని జనం పట్టించుకోకుండా పోతారే, అది నేనే. అనుకోనివ్వండి. బొమ్మతో నాకు పని లేదు, నా రాజ్యమంతా శబ్దం. సినిమాలో వాన పడితే మీ నెత్తిన పడినట్టుండాలి, గుర్రం వెనకనుంచి వస్తే మీరు ఉలిక్కిపడి వెనక్కి తిరగాలి. ఏ చప్పుడు ఏ స్పీకరులోంచి రావాలో తేల్చేది నేను. అలా తేల్చడానికి నా దగ్గర రకరకాల పద్ధతులున్నాయి. వాటినే మోడ్‌లు అంటారు.

మలేసియాలో ఒక ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి చెన్నైలో దిగి, లారీలో రాజమండ్రి చేరాను. నన్ను మొదట కొన్నది ఒక పళ్ళ డాక్టరు. మంచివాడే, కానీ ‘స్టేడియం’ అనే మోడ్ మీద మనసు పడ్డాడు. వార్తలు, ప్రవచనాలు, వంటల కార్యక్రమాలు అన్నీ అందులోనే వినేవాడు. గుత్తివంకాయ కూరలో ఉప్పెంత వెయ్యాలో ఎవరో ఇల్లాలు చెబుతుంటే అది బహిరంగ సభలో ఉపన్యాసంలా మోగేది. కొన్నాళ్ళకి ఆయనకి కొత్త మోడల్ మీద మోజు పుట్టి నన్ను షాపులో మార్చేసుకున్నాడు. నేనేమీ ఏడవలేదు. ఆ వంకాయ కూర బాధ తప్పింది.

ఆ షాపులో నన్ను కొని మండపేట తీసుకొచ్చిన వాళ్ళు ఇద్దరన్నదమ్ములు. పెద్దవాడు వీరభద్రం, చిన్నవాడు తాతాజీ. టెంట్ హౌస్, మైక్ సెట్ వాళ్ళ వ్యాపారం. పెళ్ళికీ సంతాప సభకీ చెట్లకి గొట్టాల్లాంటి హారన్లు కడతారే, ఆ పని. వీరభద్రానికి తెలిసిన మోడ్ ఒక్కటే, వాల్యూం. పెంచితే మంచి శబ్దం, ఇంకా పెంచితే ఇంకా మంచి శబ్దం. తాతాజీ అలా కాదు, చెవి ఉన్నవాడు. పాత పాటలకి స్టీరియో పెట్టేవాడు, ముందున్న రెండు స్పీకర్లే పలికేవి. సినిమాలకి సరౌండ్ పెట్టేవాడు, అప్పుడు మాటలు మధ్య స్పీకరులోకి, సంగీతం చెరో పక్కకీ, హోరూ జోరూ వెనక స్పీకర్లలోకీ వెళ్ళేవి. పిల్లల పుట్టినరోజుకి ఆల్ ఛానెల్ నొక్కేవాడు, ఐదింటిలోనూ ఒకే పాట మోగి ఇల్లంతా సందడిగా ఉండేది. నన్ను నన్నుగా వాడుకున్న మనిషి అతనొక్కడే. అతనంటే నాకు ప్రాణం.

రోజూ భోజనాలయ్యాక రెండు సంసారాలూ ఆ పొడుగాటి హాల్లో చేరేవి. "ఒరే తాతాజీ, హెలికాప్టరు మన నెత్తి మీంచి ఎళ్ళేది ఉందే, అది నొక్కరా" అనేవాడు వీరభద్రం. తమ్ముడు నవ్వుతూ నొక్కేవాడు. అన్నయ్య ప్రతిసారీ తలెత్తి పైకప్పు చూసేవాడు.

అంత చక్కటి కాపురం రాయవరంలో ఒక పెళ్ళి దగ్గర చెడింది. నేను చూడలేదు, తోడికోడళ్ళు నా ముందు కూర్చుని చెప్పుకుంటే విన్నాను. సరిగ్గా ముహూర్తం వేళకి మైకు కుయ్యిమని కూత పెట్టిందట. పెళ్ళివారు చెవులు మూసుకున్నారట. వీరభద్రం మండిపడి, "చేతకాని ఎదవా! నీకు కూడెట్టడం దండగరా!" అని తమ్ముణ్ణి తిట్టాడు. చేతిలో మైకు ఆన్‌లో ఉన్న సంగతి చూసుకోలేదు. ఆ మాట ఊళ్ళో చెట్లన్నిటి మీంచీ మోగింది, పొలాల్లో కోత కోసేవాళ్ళు కూడా తలెత్తి విన్నారు. రాయవరం తాతాజీకి అత్తవారి ఊరు.

ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. పంపకాలకి మేనమామ సింహాద్రి వచ్చి కూర్చున్నాడు. డేరాలు, కుర్చీలు, వంట డేగిశాలు చెరి సగం చేశాడు. హాలుకి అడ్డంగా గోడ కట్టాలన్నాడు. చివరికి నా దగ్గరికొచ్చి గడ్డం గోక్కున్నాడు.

"డబ్బాలు ఐదున్నాయి. పెద్దోడా, ముందున్న పెద్దయ్యి రెండూ నీకు. ఎనకున్న చిన్నయ్యి రెండూ చిన్నోడికి. చిన్నయ్యి గదా, సరికి సరి అవ్వాలి, అంచేత ఈ మద్దెది కూడా ఆడికే."

"మరి మిషను, మావయ్యా?" అన్నాడు వీరభద్రం.

"మిషను కోస్తే రెండవుద్దా? నీ దగ్గరే ఉంటాది. వైర్లు మాత్రం ఎవడూ పీకకండి."

ఇంతటి న్యాయాన్ని నేనెక్కడా వినలేదు. గోడ లేచింది. మధ్య స్పీకరు వైరుని గోడ పైన వెంటిలేటరులోంచి తమ్ముడి వాటాలోకి లాగారు. వెనక స్పీకర్లు ఎలాగూ అటే ఉన్నాయి.

ఆ సాయంత్రం వీరభద్రం సినిమా పెట్టాడు. మోడ్ సరౌండ్‌లోనే ఉంది. మాటలు మధ్య స్పీకరులోకి పంపడం నా ధర్మం, పంపాను. "ఏవండీ, ఈళ్ళు నోళ్ళు ఆడిస్తున్నారు గానీ మాటలేవండీ?" అంది ఆయన భార్య రాజేశ్వరి. అవతల తాతాజీ భార్య మంగతాయారు వంటింట్లోంచి కెవ్వుమని అరిచింది. ముందుగదిలో ఎవడో మగాడు "నిన్ను ప్రాణాలతో వదల్ను" అంటున్నాడట. అలా వాయిద్యాలు అన్న వాటాకీ, మాటలు తమ్ముడి వాటాకీ వచ్చాయి.

వీరభద్రం రిమోటుతో కుస్తీ పట్టి స్టీరియో కనిపెట్టాడు. అప్పుడు మాటలు ఇటొచ్చాయి, అటువైపు నిశ్శబ్దం. ఇక అక్కణ్నుంచి మోడ్ చూస్తే ఆయన మనసు తెలిసిపోయేది. కోపంగా ఉంటే స్టీరియో. మెత్తబడితే పాత పాటలు పెట్టి, ఎవరూ చూడకుండా ఆల్ ఛానెల్ నొక్కేవాడు. అవతల తాతాజీ చిటికెలో వైరు పీకేయగలడు. పీకలేదు. వైరు చివర స్పీకరుందో లేదో నాకు తెలుస్తుంది కదా.

ఇంతలో కబురు తెలిసింది. తాతాజీ తన వాటాని ఎవరో ఎరువుల వ్యాపారికి గోడౌన్ కోసం అమ్మేసి, సామర్లకోట వెళ్ళిపోతున్నాడు. మర్నాడే బయానా.

"ఎళ్ళి ఒక్క మాట చెప్పండి" అంది రాజేశ్వరి. "ఇయ్యాళ చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతారు? ఆ గోడవతల యూరియా బస్తాలకి చెబుతారా?"

"కాలు పడట్లేదే" అన్నాడు వీరభద్రం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కాసేపటికి లేచి, షెడ్డులోంచి మైకు తెచ్చి నా వెనక గుచ్చాడు. ముఖాముఖి నోరు పెగలని మనిషికి మైకు చేతికొస్తే ధైర్యం వస్తుంది. రిమోటు తీసుకుని సరౌండ్ నొక్కాడు. జీవితంలో మొదటిసారి తెలిసి నొక్కిన మోడ్ అది. ఆ మోడ్‌లో ఆయన మాట సొంత గదిలో పలకదు, తమ్ముడి గదిలోనే పలుకుతుంది.

"హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు అలవాటు కొద్దీ. తర్వాత గొంతు తగ్గించి, "ఒరే తాతాజీ, ఆ రోజు తప్పు నాదేరా. మైకు పట్టుకుని హారన్‌కి ఎదురుగా నేనే నించున్నాను. అందుకే కూతెట్టింది. ఉత్తినే నీ మీద పడ్డాను" అన్నాడు.

ఇద్దరం ఎదురుచూశాం. వెంటిలేటరులోంచి తాతాజీ గొంతు వినపడింది. అన్నతో కాదు, పెళ్ళాంతో అంటున్నాడు. "తిట్టేటప్పుడు ఊరందరికీ వినపడేట్టు తిట్టి, తప్పు మాత్రం నా ఒక్కడికే వినపడేట్టు ఒప్పుకుంటున్నాడు. బానే ఉంది."

వీరభద్రం ఉన్నట్టుండి లేచి షెడ్డుకెళ్ళి నాలుగు హారన్లు మోసుకొచ్చాడు. వాటిని డాబా పిట్టగోడ మీద వరసగా నిలబెట్టి, నాలుగు వైర్లూ తెచ్చి నా ఒక్క రంధ్రంలో దోపాడు. పట్టుపరుపు మీద పడుకునేవాడి చేత బస్తాలు మోయించడమే అది. ఆల్ ఛానెల్ నొక్కాడు. వాల్యూం చివరిదాకా తిప్పాడు.

"మండపేట ప్రజలకు విజ్ఞప్తి! రాయవరం పెళ్ళిలో నా తమ్ముడు తాతాజీని నేను నానా మాటలన్నాను. తప్పు నాది. మావాడంత చెవి ఈ జిల్లాలో ఎవడికీ లేదు. ఈ ముక్క రాయవరం ఎళ్ళేవాళ్ళు అక్కడ కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను. మరొక్కసారి విజ్ఞప్తి..."

వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. నా లోపల సలసలా కాగిపోతోంది. మరీ వేడెక్కితే నా అంతట నేను ఆగిపోయే ఏర్పాటొకటి నాలో ఉంది. ఆ పూట అది పనిచెయ్యలేదు. నేనే పనిచెయ్యనివ్వలేదని చెబుతాను, మీరు నమ్మాలి. మళ్ళీ మళ్ళీ విజ్ఞప్తి జరుగుతుండగా నా మూతలోంచి పొగ లేచింది.

కమురు వాసన గోడ దాటింది. తాతాజీ అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చి నా ప్లగ్గు లాగేశాడు.

"అన్నయ్యా! బుద్ధుందా నీకు? ఒక్కదానికి నాలుగు హారన్లు తగిలిస్తే కాలిపోదా?"

"నువ్వు పక్కన లేవుగా మరి" అన్నాడు వీరభద్రం, మైకు ఇంకా నోటి దగ్గరే పెట్టుకుని.

తాతాజీ ఎడంచేత్తో నా మూత విప్పడం మొదలెట్టాడు. అన్నయ్య టార్చిలైటు పట్టుకున్నాడు. రెండు తలకాయలూ నా మీదకి వంగాయి. "పోయింది" అన్నాడు తాతాజీ. నేను పోయినందుకు అంత సంతోషంగా మొహాలు పెట్టుకున్న వాళ్ళని చూసి నాకు కోపం రాలేదు.

మర్నాడు బయానాతో వచ్చిన ఎరువులాయనకి మంగతాయారు కాఫీ ఇచ్చి, ఇల్లు అమ్మట్లేదని చెప్పి పంపేసింది. గోడ తీసెయ్యలేదు గానీ దానికి ద్వారం కొట్టారు.

నేనిప్పుడు షెడ్డులో పాత డేరాగుడ్డల పక్కన ఉన్నాను. నాకేం లోటు లేదు, సత్తా ఏమిటో చూపించే వచ్చాను. నిన్న ఇంట్లోకి కొత్త రిసీవరు వచ్చిందట. ఏ మోడ్ పెట్టాలన్న దాని మీద పొద్దున్నుంచీ అన్నదమ్ములిద్దరూ పోట్లాడుకుంటున్నారు. మైకు లేకుండానే ఆ అరుపులు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. నాకు హాయిగా ఉంది.