డ్యూటీ మఫ్లర్

“చలేసి వేసుకున్నానే తల్లీ, డ్యూటీకి కాదు,” అన్నారు మావారు మూడోసారి.

“ఎందుకు వేసుకున్నారని ఎవరడిగారు? మెడలో ఉందా, లేదా?”

“ఉంది.”

“అయితే లేవండి. దానికి ముక్కు తుడవాలి.”

“చలికీ డ్యూటీకీ తేడా ఉండదా? పోలీసు టోపీ పెట్టుకున్నవాడల్లా పోలీసైపోతాడా?”

“టోపీ పెట్టుకుని పోలీసుని కాదంటే జనం తంతారు.”

మా చిన్నది, బుడంకాయ అని పిలుచుకునే ఐదేళ్ళది, ముక్కు కారుతూ మా మధ్య నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. రుమాలు దాని చేతిలోనే ఉంది. చివరికి తొమ్మిదేళ్ళ పెద్దది సోఫా మీంచి లేచి, చెల్లెలి ముక్కు పట్టుకుని, “చీదు,” అంది. దాంతో మా తగువు తెగకుండానే ఆగిపోయింది.

ఆ మఫ్లర్ ముదురు ఎరుపుది. ఒక కొసన దారాలు ఊడి ఉంటాయి. బడికి చలికాలం సెలవులిచ్చిన మొదటిరోజే మావారు దాన్ని ఇంటి చట్టం చేశారు. అది ఎవరి మెడలో ఉంటే పిల్లలు వాళ్ళ బాధ్యత. మంచినీళ్ళు, జడలు, కనపడని సాక్సు, ‘ఇప్పుడేం చెయ్యను’ అనే ప్రశ్న, అన్నీ వాళ్ళకే. రెండోవాళ్ళు ఇంట్లో ఉన్నా లేనట్టే లెక్క. పడుకోవచ్చు, గోడకేసి చూస్తూ కూర్చోవచ్చు. ఇంకో షరతు నేను పెట్టాను. మఫ్లర్ ఉన్నవాళ్ళు పనిలో ఉన్నవాళ్ళకి ఫోన్ చెయ్యకూడదు. మొదటిరోజు చక్కెర డబ్బా ఎక్కడని ఒకసారి, ఏ గిన్నెలో పాలు కాచాలని ఒకసారి, బుడంకాయ ఏడుస్తోందని రెండుసార్లు ఫోన్ చేశారాయన. నాలుగుసార్లూ సూపర్‌వైజర్ మేడమ్ బెల్టు దగ్గరికొచ్చి నన్ను పిలవాల్సి వచ్చింది.

నాది పార్సిళ్ళు వేరుచేసే పని. బెల్టు మీద పెట్టెలు వస్తుంటాయి. అడ్రసు అడుగున ఉన్న నంబర్లు చూడాలి, యంత్రం కింద పెట్టి కూత వినాలి, సరైన సంచిలో వెయ్యాలి. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా నిలబడే. ఏడాది చివర జనం ఒకరికొకరు పంపుకునే వస్తువులన్నీ మా చేతుల మీదుగానే పోతాయి. ఈ నెలలో నా వేళ్ళ నిండా అట్టపెట్టె గీతలే. మావారిది గీజర్ల మరమ్మతు. వేసవంతా దాని మొహం చూడనివాళ్ళకి చలి మొదలవగానే అది పాడైందని తెలుస్తుంది. ఇద్దరికీ పని ముదిరిన పదిరోజుల్లోనే పిల్లలకి సెలవులు. పొద్దున ఆయన ఇంట్లో ఉండి, నేనొచ్చాక వెళతారు. సాయంత్రం ఆయనొచ్చేసరికి నాకు మాట్లాడే ఓపిక కూడా ఉండదు.

ఇదంతా ఎందుకు ఓర్చుకుంటున్నానంటే కుర్చీ కోసం. మా ఆఫీసులో విచారణల కిటికీ వెనక ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చునే ఆమె వచ్చేనెల మానేస్తోంది. “ఈ సీజన్ ఒక్కరోజు కూడా మానకుండా లాక్కొచ్చావంటే ఆ కుర్చీ నీకే ఇప్పిస్తాను,” అంది మేడమ్. పదకొండేళ్ళుగా నిలబడి చేస్తున్నాను. ఇంటికొచ్చాక మడమ నేల మీద ఆనించాలంటే గోడ పట్టుకోవాలి. ఆ కుర్చీ తోలు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. అయినా ఆ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా దాని వీపు ఒకసారి తడిమి వస్తుంటాను.

ముక్కు తగువు అయిన రాత్రి భోజనాల దగ్గర మావారు అన్నారు. “రేపు ఏడున్నరకల్లా నాకో కాల్ పడింది. పెద్ద ఇల్లు, మూడు గీజర్లు. నువ్వు మధ్యాహ్నం షిఫ్టుకి మార్చుకోలేవూ? ఒంటిగంటన్నరకల్లా నేనొచ్చి మఫ్లర్ పుచ్చుకుంటా.”

“అడిగి చూస్తాను,” అన్నాను.

అడిగాను. మధ్యాహ్నం వచ్చే ఆమె కుదరదంది. ఆమెకీ పిల్లలున్నారు, వాళ్ళకీ సెలవులే. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి మావారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. పొద్దున ఆరింటికి నేను బయల్దేరేటప్పుడూ అలాగే ఉన్నారు. లేపి చెబితే పోయేది. కానీ నిద్రపోతున్న మనిషిని లేపి పని చెప్పకుండా ఉండటానికే కదా మేం ఆ మఫ్లర్ పెట్టుకున్నది! కొక్కెం మీంచి దాన్ని తీసి ఆయన దిండు మీద పరిచాను. షిఫ్టు మారలేదు, మీరే ఉండండి అని. ఆయనకి అర్థమవుతుందనుకున్నాను. ఇంత మామూలు సంగతి అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చి తలుపు కొట్టాను. లోపల గొళ్ళెం పెట్టి ఉంది.

“ఎవరూ?” పెద్దదాని గొంతు.

“నేనేనే.”

“నేనంటే?”

“అమ్మని.”

“అమ్మవైతే దగ్గు.”

చలికాలం మొదలైనప్పటి నుంచీ నాకు పొడిదగ్గు. దగ్గాను. లోపల స్టూలు లాగిన చప్పుడైంది, గొళ్ళెం తీసిన చప్పుడైంది. తలుపు తీసింది. మఫ్లర్ దాని మెడకి రెండు చుట్లు తిరిగి మోకాళ్ళ దాకా వేలాడుతోంది.

“చెప్పులక్కడే విప్పమ్మా. ఇప్పుడే తుడిచాను,” అంది.

“నాన్నేరీ?”

“కాల్‌కెళ్ళారు.”

“ఎప్పుడు?”

“నేను బాత్రూంలో ఉన్నప్పుడు.”

చేతిసంచి చేతిలోనే ఉంది. వంటింట్లోకి చూశాను. స్టవ్ వెలిగించలేదు. వెలిగించకూడదని మేం చెప్పిన మాట అది తప్పలేదు. రెండు గ్లాసుల అడుగున చల్లటి పాలలో నానిన రొట్టెముక్కలు. బుడంకాయ మా మంచం మీద స్వెటర్ వేసుకుని, దానిమీద నా స్వెటర్ కప్పుకుని నిద్రపోతోంది. దాని రెండు జడలూ ఒకే వైపుకి ఉన్నాయి.

“ఇంతసేపూ ఒక్కదానివే ఉన్నావా? ఇంట్లో ఫోనుందిగా, నాకు చెయ్యొచ్చు కదే!”

“మఫ్లర్ ఉన్నవాళ్ళు ఫోన్ చెయ్యకూడదుగా,” అంది. అని స్టూలు మీద కూలబడి, మోకాళ్ళ మీద చేతులానించి, “ఒక్క నిమిషం కూచోనివ్వదమ్మా ఇది. ఒక్కటంటే ఒక్క నిమిషం,” అంది.

ఆ మాట నాది. ఆ కూలబడటం కూడా నాదే.

ఐదు నిమిషాల తర్వాత మావారు మెట్లెక్కి పరుగున వచ్చారు. చేతులకి గీజరు లోపలి గార తెల్లగా అంటుకుని ఉంది. “ఆలస్యమైపోయింది, నీ షిఫ్టు టైమైపోయిందేమో, నువ్వు బయల్దేరు...” అంటూనే నా ఆఫీసు కోటు చూసి ఆగిపోయారు.

“నేను పొద్దున ఆరింటికే వెళ్ళాను,” అన్నాను.

“అదేంటి? నేను వెళ్ళేటప్పుడు బాత్రూంలో ఉన్నావుగా! ‘వెళుతున్నా, మఫ్లర్ గడియకి తగిలిస్తున్నా’ అంటే ‘ఊఁ’ అన్నావు కూడా.”

“నేనెప్పుడన్నాను? నేను అప్పటికి బెల్టు దగ్గరున్నాను.”

ఇద్దరం పెద్దదాని వైపు చూశాం.

“నా నోట్లో బ్రష్షుంది,” అంది అది. “నన్నే అనుకున్నాను. మఫ్లర్ నాకే ఇచ్చారనుకున్నాను.”

“దిండు మీద పెట్టాను కదండీ,” అన్నాను.

“లేవగానే మెడకి చుట్టుకున్నాను. చలి,” అన్నారాయన. ఆ మాట అనేసి, ముందురోజు తగువు గుర్తొచ్చిందేమో, తల వంచుకున్నారు. ఈసారి ఎవరు గెలిచారో అనాలని నాకు అనిపించలేదు. ఆయన పెద్దదాని ముందు గొంతుకూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నారు. పట్టుకున్నవాటిని చాలాసేపు వదల్లేదు. తర్వాత సర్వీస్ సెంటర్ నుంచి ఫోనొస్తే లేచి, ఒక్క ముద్ద కూడా తినకుండా మళ్ళీ వెళ్ళారు.

మూడింటికి బుడంకాయ లేచింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడలు విప్పుతున్నాను. పెద్దది ముందుగదిలో బొమ్మల పుస్తకం తెరిచి పెట్టుకుని పేజీ తిప్పకుండా కూర్చుంది.

“అమ్మా, నాకు గొంతు నొప్పి,” అంది బుడంకాయ.

“చల్లటి పాలు తాగావుగా.”

“పాలకి కాదు. పాటకి.”

“ఏం పాట?”

“అక్క నన్ను బాత్రూం బయట నిలబెట్టి పాట పాడమంది. ఆపితే కొడతానంది. అయిపోతే మళ్ళీ మొదట్నించి పాడమంది. చాలాసార్లు పాడాను.”

“ఎందుకే?”

“నేనక్కడే ఉన్నానో లేదో తెలియాలంట, తను లోపల ఏడ్చేటప్పుడు.” అని, నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా, “ఎవరో వచ్చి బెల్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. మేం మంచం కింద ఉన్నాం. తర్వాత అక్క బాత్రూంలోకెళ్ళింది,” అంది.

ముందుగదిలోకి చూస్తే పెద్దది ఇంకా ఆ పేజీ దగ్గరే ఉంది. దగ్గరికి పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుందామా అంటే, ఒళ్ళో పట్టే వయసు దాటి ఏడాదైనట్టుంది. ఎప్పుడు దాటిందో నేను చూసుకోలేదు. లేచి వెళ్ళి, దాన్ని నిలబెట్టి మెడలోంచి మఫ్లర్ తీస్తుంటే, “బుడంకాయ చెప్పేసిందా?” అంది.

“చెప్పింది.”

“దానికి ఏ మాటా ఆగదు,” అంది విసుగ్గా. అంటూనే నా భుజం మీద తల ఆనించింది. ఎంత బరువుగా ఆనించిందంటే, నేను గోడకి చేరబడాల్సి వచ్చింది. అలాగే నిలబడ్డాను. మడమ సలుపుతూనే ఉంది.

వాళ్ళిద్దరికీ వేడిగా ఏదో చేసి పెట్టి, బట్టలు ఆరేసుకునే చిన్న బాల్కనీలోకి వెళ్ళి మేడమ్‌కి ఫోన్ చేశాను. తడిబట్టల మధ్య నిలబడి రెండురోజులు సెలవు కావాలన్నాను.

“ఇప్పుడా? మనుషుల్లేక చస్తుంటే!” అంది మేడమ్. “ఒంట్లో బాలేదా?”

బాలేదంటే సరిపోయేదేమో. “బాగానే ఉంది. ఇంట్లో పిల్లల దగ్గర ఉండాలి,” అన్నాను.

అవతల బెల్టు చప్పుడు కాసేపు వినపడింది. “చూడమ్మా, నేను మాటిచ్చినదాన్నే. కానీ ఇప్పుడు నువ్వు మానితే ఆ కుర్చీ నీకిమ్మని నేను పైవాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? పక్క బెల్టు ఆమె ఒక్కరోజు కూడా మానలేదు.”

“ఆమెకి చెప్పండి మేడమ్.”

“ఆలోచించుకునే చెబుతున్నావా?”

ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే కుర్చీయే గుర్తొచ్చేది. “ఊఁ,” అన్నాను.

రాత్రి ఏడున్నరకి నలుగురం భోజనానికి కూర్చున్నాం. మావారు పెద్దదాని కంచంలోకి తనది కూడా తీసి వేస్తున్నారు. మధ్యాహ్నం నుంచీ ఆయనకి లోపల గుబులుగానే ఉన్నట్టుంది. గుబులున్నప్పుడు ఆయన జోకులేస్తారు.

“అమ్మ గొంతు పోల్చడానికి దగ్గమందట! బ్యాంకుల్లో కూడా లేదు ఇంత భద్రత,” అన్నారు. ఎవరూ నవ్వలేదు. కంచంలోకి చూస్తూ, మెల్లగా అన్నారు. “ఎంతైనా గట్టిది మన పెద్దది. ఒక్క వస్తువు పగల్లేదు. ఇంక నాలుగురోజులే కదా... పొద్దున పూట ఒక్క గంటో రెండు గంటలో... పక్కింటావిడకి ఒక మాట చెప్పి పెడితే...”

“నేను చూసుకుంటాను నాన్నా,” అంది పెద్దది వెంటనే. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని అంది.

“నేను పాడను,” అంది బుడంకాయ.

“పాటేంటి?” అన్నారాయన.

చెప్పాను. బెల్లు కొట్టడం, మంచం, బాత్రూం, పాట, అన్నీ. పెద్దది కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. ఆయన చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

“బెల్లు కొట్టినవాళ్ళు వెళ్ళిపోయారు నాన్నా,” అంది పెద్దది, ఆయన్ని ఓదారుస్తున్నట్టు.

నేను అందరికీ మంచినీళ్ళు పోశాను. ముందు పిల్లలకి, తర్వాత ఆయనకి, చివర నాకు. కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పాను.

“రేపూ ఎల్లుండీ నేను ఇంట్లో ఉంటాను. మేడమ్‌కి చెప్పేశాను.”

“మరి నీ కుర్చీ?” అన్నారాయన.

“పక్క బెల్టు ఆమెకి ఇస్తారు.”

“అయ్యో, నన్నొక్క మాట అడగాల్సింది...”

“ఇంకా అయిపోలేదు. ఆ తర్వాత రెండురోజులూ మీరు ఇంట్లో ఉంటారు. పొద్దున పూట కాదు, రోజంతా. గీజర్లు రెండురోజులు ఆగుతాయి. పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కి మీరే ఫోన్ చేసి చెప్పండి. పెద్దదాని మీద ఇంక ఎవరమూ ఏ పనీ వదిలి వెళ్ళం.”

ముగ్గురూ నా వైపు చూశారు. ఆయన తల ఊపి, “లేవగానే చేస్తాను,” అన్నారు.