అల్మాస్‌గూడలో అర ప్లాటు

సకల జనుల సమ్మెకు మా ఆఫీసు మూతపడింది. నా నోరు మాత్రం మూతపడలేదు. “ఫైళ్ళు దున్నింది చాలు, ఇక నేల దున్నుతా!” అని ఇంట్లో అరిచి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి స్కూటరేసుకుని అల్మాస్‌గూడలోని నా ప్లాటుకు పోయాను.

ఆ ప్లాటులో సగానికి పట్టా నాది, పట్టు సైదమ్మది. నల్లగొండ నుంచి వచ్చి ఏడేళ్ళుగా అక్కడ ఆకుకూరలు పండించి అమ్ముకుంటోంది. గట్టుకు ఇవతల సగంలో మూడేళ్ళుగా నా సెలవురోజుల సేద్యం. ట్రాక్టరుతో దున్నించాను, యూరియా పోశాను, పురుగుమందు గుళికలు చల్లాను. జన్మలో నేను మందు కొట్టింది ఆ నేల మీదే. సాగు మాత్రం సాగలేదు.

అందుకే ఆ రోజు అనేశాను. “సైదమ్మా, నీ వైపు నాకిచ్చెయ్యి. నువ్వు ఇటు వచ్చి వేసుకో.”

తోటకూర కట్టలు కడుతున్న చేతులు ఆగాయి. “పెంకులెక్క గట్టిపడ్డ గా నేల మీద ఏం పండుతది, జోగారావు సారూ? నేనేం తిని బతకాలె?”

“ప్లాటు నాదే కదమ్మా.”

“కాదన్ననా? మీ ఆంధ్ర సార్లకు అన్నీ తయారుగుండాలె.” నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. పార అందుకుంది. “మా ఊర్ల భూమి అప్పజెప్పేటోళ్ళు ఒక పార మట్టి తీసి చూపిస్తరు. కూసో.”

మట్టిని గోనెసంచి మీద బోర్లించి వేళ్ళతో విప్పింది. మట్టే కదిలినట్టయింది. వానపాములు! వేలెడేసివి, దారప్పోగుల్లాంటివి. ఇరవై మూడు దాకా లెక్కపెట్టి, ఆపైన లెక్క తప్పాను. అవి తొలిచిన దారులు లోపల నున్నగా మెరుస్తున్నాయి. కుళ్ళిన ఆకును తెల్లటి బూజు పోగులు అల్లుకున్నాయి. ఆవగింజంత జీవులేవో పరుగులు పెడుతున్నాయి. ఊరంతా బందైన రోజున నా కాళ్ళ కింద ఇంత పెద్ద కార్ఖానా! నోట జోకు రాలేదు.

“ఏడేండ్లసంది లోతుగ దున్నలే, మందెయ్యలే. పెండ, రాలిన ఆకు, గంతే. పనంతా గివే చేస్తయి.”

గట్టు దాటి నా వైపు పార వేసింది. ఠంగుమంది. పెకలించిన గడ్డను పగలగొట్టి చూపించింది. ఒక్క ప్రాణి లేదు.

“అటుది ఇస్తే గూడ గా గుళికలే చల్లుతవు గద సారూ?”

కొత్త గుళికల పొట్లం అప్పటికే స్కూటరు డిక్కీలో ఉంది.

“నీ వైపు నీకే ఉండనీ,” అన్నాను చివరికి. “ఇటు కూడా నువ్వే చూడు. మళ్ళీ బాగుపడటానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“నాకేం ఎరుక? గాటినడుగు.”

తన వైపు నుంచి గంపెడు మట్టి మోసుకొచ్చి నా వైపు నీడలో పోసి, నీళ్ళు చిలకరించింది. తలేదో తోకేదో తెలియని ఒక వానపాము కాసేపు తడుముకుని, గట్టినేలలో ఒక పగులు పట్టుకుంది. అది పూర్తిగా లోపలికి దిగేదాకా ఇద్దరం వంగి చూస్తూనే ఉన్నాం.