జోనీ నుంచి వచ్చిన బూట్లు

షమీసో మాట్లాడటం మానేసి ఆరు వారాలయ్యేసరికి, హరారేలో నేను తట్టని తలుపంటూ మిగల్లేదు. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్పేవారు. కాలికి బలపం కట్టుకుని తిరిగాను గానీ, ఏం రోగమో నాకే తెలియదు. ఏడేళ్ళ పిల్ల. జ్వరం లేదు, దగ్గు లేదు. పిలిస్తే చూస్తుంది, పలకదు. మొక్కజొన్న పిండితో వండిన సద్జా ముద్ద చేతికిస్తే దాన్నే పిసుకుతూ కూర్చుంటుంది. తల మీద చెయ్యి వేయనివ్వదు. ఎంబారే పేటలో మా వీధి ఆడవాళ్ళలో సగంమందికి జడలల్లే నేను, నా ఇంటి పిల్లని చింపిరి జుట్టుతో బడికి పంపుతున్నాను.

షమీసో మా అక్క ఒటీలియా కూతురు. అక్క మార్చిలో జబ్బు చేసి చనిపోయింది. ఆ సంగతి షమీసోకి తెలియదు.

మాలో చిన్నపిల్లలకి చావు మాట చెప్పరు. గుటూలో, మా సొంతూళ్ళో అక్కని పూడ్చిపెట్టిన మూడు రోజులూ పిల్లని పక్కింటివాళ్ళ దగ్గర ఉంచాం. తిరిగొచ్చాక "అమ్మేది?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "జోనీ వెళ్ళింది తల్లీ. ఈసారి పని చాలా ఉందట."

జోహన్నెస్‌బర్గ్‌ని మేం జోనీ అంటాం. పిల్ల నమ్మకపోవడానికేముంది? అక్క నెలకోసారి సరిహద్దు దాటి వెళ్ళి దుప్పట్లు, గిన్నెలు తెచ్చి అమ్మేది. వెళ్ళే ముందు ప్రతిసారీ నా జడల బుట్టలోంచి, జుట్టులో కలిపి అల్లే నల్ల ఊలు దారం ఒక ముక్క తెంపుకుపోయేది. "నీకెందుకే అది? దొంగముఖమా!" అని తిట్టేదాన్ని. నవ్వి వెళ్ళిపోయేది. ఆ దారంతో ఏం చేసేదో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

అబద్ధం ఆడటం తేలికే, దాన్ని సాకడమే కష్టం. సెప్టెంబరులో బడులు తెరిచే ముందు జోనీ నుంచి వ్యాన్లు వచ్చాయి. వీధిలో పిల్లలందరికీ వాళ్ళవాళ్ళ అమ్మానాన్నలు పంపిన మూటలు దిగుతున్నాయి. షమీసో రెండు రోజులు గేటు దగ్గరే కూర్చుంది. బజారుకెళ్ళి నల్లటి బడి బూట్లు కొని, గళ్ళ సంచిలో పెట్టి, టేపు అంటించి, పైన దాని పేరు రాసి తెచ్చాను.

"చూశావా, అమ్మ నిన్ను మర్చిపోలేదు!" అన్నాను.

తొడుక్కుంది. "సరిపోయాయా?" అంటే తల ఊపింది. నాకు ఆ రోజు ఎంత సంతోషమేసిందో!

ఆ వారంలోనే మాట పడిపోయింది.

ముందు బళ్ళో అడిగాను. టీచరమ్మ మంచిదే. "ఇలాంటివాటికి సంక్షేమ ఆఫీసుందమ్మా" అంది. ఆ ఆఫీసులో ఒకాయన "క్లినిక్ నుంచి కాగితం తెచ్చారా?" అన్నాడు. క్లినిక్‌కి పోతే నర్సు కలం పట్టుకుని కూర్చుంది.

"ఏం జబ్బు?"

"మాట్లాడటం లేదండి."

"గొంతు నొప్పా?"

"కాదు."

"చెవులు వినపడవా?"

"బాగానే వినపడతాయి."

"మరింకేంటమ్మా జబ్బు?"

"అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను?"

ఆమెకి కోపమొచ్చింది. పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ పిల్లల మనసు సంగతి చూసే డాక్టరు గురువారాలే వస్తాడట. గురువారం వెళితే, సెలవులో ఉన్నాడు, వచ్చే నెల రమ్మన్నారు. గోడ మీద పిల్లల కోసమని ఒక ఫోన్ నంబరు రాసి ఉంది. చేశాను.

"పాపకి ఫోనివ్వండమ్మా, మేం తనతోనే మాట్లాడతాం" అంది అవతలి అమ్మాయి.

"ఆ పాప మాట్లాడటం లేదనే కదమ్మా ఫోన్ చేసింది!"

"అవుననుకోండి. అయినా ఒకసారివ్వండి."

ఇచ్చాను. షమీసో ఫోన్ చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నది. తర్వాత నా చేతికిచ్చేసింది. ఆ అమ్మాయి ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈలోగా పిల్ల కుంటడం మొదలుపెట్టింది. మాట పోయిన పిల్లకి కాలు కూడా పోతోందా అని హడలిపోయాను. మా అమ్మ ఆగలేదు. మైదానంలో తెల్లగౌన్లు వేసుకుని ప్రార్థన చేసే ప్రవక్త దగ్గరికి లాక్కుపోయింది. ఆయన షమీసో నడక ఒక్కసారి చూసి, "ఏదో పగబట్టిన ఆత్మ కాలు పట్టుకుంది" అన్నాడు. మా అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నేను నమ్మలేదు. నమ్మకుండానూ లేను. టీచరు చెప్పిందీ నిజమే అనిపించేది, నర్సు చెప్పిందీ, ప్రవక్త చెప్పిందీ. రాత్రి పడుకుంటే అందరి మాటలూ కలిసి బుర్రలో గంజి ఉడికినట్టు ఉడికేవి.

ఒక్కటి మాత్రం ప్రతిచోటా ఒకేలా జరిగింది. "తల్లి ఎక్కడ?" అని అందరూ అడిగారు. షమీసో నా పక్కనే నిలబడి ఉండేది. "జోనీలో" అని చెప్పేదాన్ని. వాళ్ళూ అదే రాసుకునేవారు. అన్ని కాగితాల్లోనూ మా అక్క బతికే ఉంది.

చివరికి క్లినిక్‌లో నేల తుడిచే ఆవిడ చెప్పింది. "వెనక జకరండా చెట్టుకింద బెంచీ ఉంది, చూళ్ళేదా? అక్కడ సబీనా అవ్వ కూర్చుంటుంది. మనసు బాగాలేనివాళ్ళ గోడు వింటుంది. ఆ పనికని ఆవిడకి చదువు కూడా చెప్పించారు."

"ముసలమ్మ కావాలంటే మా ఇంట్లోనే ఒకతుంది" అన్నాను. కానీ ఇక వెళ్ళడానికి వేరే చోటు మిగల్లేదు.

సబీనా అవ్వకి అరవై దాటి ఉంటాయి. ఒళ్ళో ఒక పుస్తకం, పక్కన మహేవు అంబలి సీసా. బెంచీ మీద రాలిన ఊదా పూలు చేత్తో తోసి మాకు చోటిచ్చింది. నేను కూర్చుంటూనే టీచరు, ఆఫీసు, గురువారం, మా అమ్మ, ఆత్మ, అన్నీ ఒక్క ఊపిరిలో కక్కేశాను. ఆవిడ వింటూ సీసా మూత తీసి షమీసోకి అందించింది. షమీసో తాగలేదు. వంగి మడమ రుద్దుకుంది.

"పిల్ల తల్లి?"

"జోనీలో ఉందవ్వా."

రాసుకుంది. కానీ కళ్ళు పిల్ల కాలి మీదే ఉన్నాయి. "ఏదీ తల్లీ, ఆ బూటు విప్పు చూద్దాం."

విప్పితే మేజోడు రాలేదు. మడమకి అతుక్కుపోయింది. అవ్వ గిన్నెలో నీళ్ళు తెప్పించి తడిపి మెల్లగా ఊడదీసింది. చర్మం లేదు. బొటనవేలు గోరు నల్లబడిపోయింది.

"ఇదేంటే!" అని అరిచాను. "సరిపోయాయన్నావు కదే! చెప్పి చావొచ్చు కదే!"

"నువ్వు కాసేపు నోరు మూసుకో" అంది అవ్వ. తర్వాత పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఇంత చిన్న బూట్లు నీకెవరు కొన్నారే?"

"అమ్మ పంపింది."

ఆరు వారాల తర్వాత దాని గొంతు. బొంగురుపోయింది. నేను కదిలితే మళ్ళీ ఆగిపోతుందేమోనని బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"అమ్మ వెళ్ళేముందు దారంతో నా కాలు కొలుచుకుంటుంది. పిన్ని బుట్టలోది, నల్లది. ముడేసి పర్సులో పెట్టుకుంటుంది. ఈసారి కొలవలేదు." విప్పిన బూటు వైపు చూసింది. "నా కాలు ఎంతుందో మర్చిపోయింది. అక్కడ ఇంకో పాప ఉందేమో. చిన్నపాప. ఇవి ఆ పాపవి."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసింది నేనే. తప్పు సైజు బూట్లు కొని, పైగా అమ్మ మర్చిపోలేదు చూడమని చెప్పింది నేనే.

అవ్వ నా వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ అక్క నిజంగా జోనీలోనే ఉందా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడకి అర్థమైంది.

"నువ్వు చెప్పవ్వా" అని బతిమాలాను. "నాకు చేతకాదు. చిన్నపిల్ల, తట్టుకోలేదు."

"ఇప్పుడు తట్టుకుంటున్నదేంటో విన్నావుగా. నేను పక్కనే ఉంటా. చెప్పాల్సింది మాత్రం నువ్వే."

ఏది చెబితే తక్కువ దెబ్బ? తల్లి బతికుంటే బిడ్డని మరిచినట్టు. మరవలేదంటే చచ్చిపోయినట్టు. ఇంట్లో మా అమ్మ ఏమంటుందో, చుట్టాలు ఏమంటారో, ఏదీ తోచలేదు. బెంచీ దిగి షమీసో ముందు మట్టిలో కూర్చున్నాను.

"ఈ బూట్లు అమ్మ పంపలేదే. నేను కొన్నా. నిన్ను అడక్కుండా, నీ కాలు కొలవకుండా కొన్నా. బుద్ధి లేక."

అది నన్నే చూస్తోంది.

"అమ్మ జోనీ వెళ్ళలేదు. మార్చి వానల్లో ఆసుపత్రిలో ఉంది చూడు, అప్పుడే చచ్చిపోయింది. గుటూలో పూడ్చాం. నీకు చెప్పలేదు. ఇంకో పాప లేదే. నువ్వొక్కదానివే."

షమీసో వంగి తన మడమ చూసుకుంది. మళ్ళీ మూగదైపోయిందనుకున్నాను.

"అయితే నా కాలు మర్చిపోలేదా?"

"లేదమ్మా. లేదు."

అప్పుడు ఏడ్చింది. క్లినిక్ ముందు వరసలో నిలబడ్డవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా, అమ్మా అని పిలుస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మార్చి నుంచి పిల్ల ముందు ఏడవడానికి వీల్లేక దాచుకున్నదంతా ఆ మట్టిలోనే ఏడ్చాను. అవ్వ మమ్మల్ని ఆపలేదు. వచ్చేవారం ముగ్గురూ రండి, ఇంట్లో ఉన్న ముసలమ్మని కూడా తీసుకురండి అంది. ఇక ముందు ఎలాగో తెలిసిందా అంటే తెలియలేదు. ఇంటికెళ్ళి మా అమ్మకి ఏం చెప్పాలో కూడా తెలియలేదు.

లేవబోతే షమీసో కదల్లేదు. ముక్కు చేత్తో తుడుచుకుని, పుండుపడ్డ కాలు నా ఒళ్ళో పెట్టింది.

"కొలత తీసుకో" అంది.

పని కోసం ఎప్పుడూ వెంట ఉంచుకునే జడల బుట్టలో చెయ్యి పెట్టి నల్ల దారం లాగాను. మడమ దగ్గర పుండుకి తగలకుండా పట్టుకుని, బొటనవేలి దాకా సాగదీసి, ముడి వేశాను.

"రెండు ముళ్ళెయ్యి పిన్నీ" అంది. "అమ్మ రెండేసేది."