ఎల్లాజీ పడవ శ్రీకాకుళం రోడ్డెక్కిన రోజు

కళింగపట్నం ఒడ్డున చేపలు దించాక, ఎల్లాజీ పడవ ఎప్పట్లాగే అతని వెనకాలే ఇంటికి నడిచొచ్చి, వాకిట్లో ఓ పక్కకి ఒరిగి, దేవి పోసిన తరవాణి తాగింది. దేవి ఎల్లాజీ పెళ్ళాం. పడవకి పోసినంత ప్రేమగా మొగుడికి పోసి చాలా రోజులైంది.

కారణాలు లేకపోలేదు. నడివేసవిలో దుప్పటి కప్పుకుని మూలన పడుకుంటాడు. తల పగిలిపోతోందంటాడు. దేవి వైపు తిరిగి పడుకోవడమే మానేశాడు. అన్నిటికన్నా ఆ గెడ్డం! రోజూ గీసినా మాపటికి మళ్ళీ మొలిచే గెడ్డం ఇప్పుడు రావడమే మానేసింది. మొహం ఇంత నున్నగా ఎవర్తి కోసమా అని దేవి అనుమానం.

ఊరి కోపం వేరు. వల లాగడానికి ఓ చెయ్యేసిన ప్రతివాళ్ళకీ పిడికెడు చేపలు పెట్టడం అక్కడి మర్యాద. ఎల్లాజీ ఎదురుగా నిలబడ్డవాళ్ళకే పెట్టి, పక్కల్నించి చాచిన చేతుల్ని వదిలేస్తున్నాడు. ముసలి అసిరమ్మ ఎడంపక్కన గిన్నె పట్టుకుని నిలబడీ నిలబడీ, చివరికి ఆ గిన్నెతోనే అతని వీపు మీద ఒక్కటేసింది.

"ఒరే, కళ్ళు నెత్తికెక్కినాయిరా నీకు!"

పాపం, ఎల్లాజీకి పక్కన మనిషుందనే తెలీదు. లోకం రెండు వైపులా ఎప్పుడు సన్నబడిందో అతను గమనించనేలేదు. భుజానికి గుమ్మం తగిలితే గుమ్మాన్నే తిట్టేవాడు.

ఆ వారం వంశధార సముద్రంలో కలిసే మొగలో ఎల్లాజీ, కుడివైపు నించొచ్చిన పొరుగింటి సోములు పడవని చూడక, దాన్ని రాసుకుంటూ పోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఊరిపెద్దలు కూర్చుని ఇక ఎల్లాజీ చుక్కాని పట్టకూడదని తేల్చేశారు. మీసం రాకముందు పట్టిన చుక్కాని అది. ఎల్లాజీకి ఏడుపొచ్చింది.

"పొద్దున్న ఓపాలి ఎక్కి దిగిపోతానే, అంతే," అని దేవిని బతిమాలాడు.

"నానూ వస్తాను. నువ్వెవర్తి కాడికి ఎల్తన్నావో సూడాల," అంటూ దేవీ ఎక్కి కూర్చుంది.

పడవ సముద్రం కేసి రెండడుగులు వేసి ఆగింది. కాసేపు ఆలోచించుకుంది. గిర్రున తిరిగి శ్రీకాకుళం రోడ్డెక్కింది.

"ఏటే ఇది, ఇటెల్తన్నాది?"

"పెళ్ళాం మాట ఎలాగూ వినవు. పడవ మాటైనా విను, మావా."

వెనకనించి ఆర్టీసీ బస్సు హారన్ కొడితే పడవ పక్కకి జరిగి దారిచ్చింది. శ్రీకాకుళంలో ఓ ఆస్పత్రి ముందు ఆగి, ఎల్లాజీని మెట్ల మీద ఒంపేసింది.

"పడవలు స్కూటర్ల పక్కని పెట్టాలమ్మా," అన్నాడు వాచ్‌మన్.

డాక్టర్ పద్మజ అతని మొహానికి అటూ ఇటూ వేళ్ళాడించి చూసింది. రక్తం తీయించింది, స్కానింగు చేయించింది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. ఒంట్లో వేడికీ, ఓపికకీ, గెడ్డానికీ, ఆలుమగల సరసానికీ ఆర్డర్లు అక్కణ్ణించే వెళ్తాయి. అక్కడ గడ్డ లేచింది. కేన్సర్ కాదు. కొన్ని గడ్డలైతే హార్మోన్లు తెగ తయారుచేస్తాయి, ఇది ఏమీ చెయ్యదు. ఊరికే కూర్చుని పెరుగుతోంది. గ్రంథిని నొక్కేసింది, పైనున్న కంటి నరాల్నీ నొక్కుతోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే చూపు పోయేదే."

"పనీ సెయ్యదు, అందర్నీ నొక్కుతాదా? అచ్చం మా తమ్ముడి నాగే ఉన్నాది," అంది దేవి. తరవాత గొంతు తగ్గించి, "అయితే ఈ మనిషికి ఇంకో ఆడది లేదేటమ్మా?" అంది.

"ఆ ఓపిక ఆయనకెక్కడిది?"

దేవి పకపకా నవ్వింది. నవ్వుతూనే నేల మీద కూలబడి, ఇన్నాళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి భోరుమంది.

కోతకి తట్టుకునే సత్తువ కోసం డాక్టర్ ముందు మాత్రలు మొదలుపెట్టించింది. ఆపరేషన్ విశాఖపట్నంలో అంది. గడ్డని ముక్కులోంచి తీస్తారంది.

"సేపకి మొప్పలు లాగినట్టా?" అన్నాడు ఎల్లాజీ.

"ఇంచుమించు."

విశాఖపట్నం దాకా పడవే తీసుకెళ్ళింది.

ఆపరేషనయిన మర్నాడు ఎల్లాజీ ముక్కులో దూదితో, పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. దేవి మంచానికి ఓ పక్కన నిలబడి చప్పుడు చెయ్యకుండా ఏడుస్తోంది. అతనికి కనపడదన్న ధీమా.

"ఎందుకేడస్తన్నావే?" అన్నాడు ఎల్లాజీ, మెడ తిప్పకుండానే.

దేవి చటుక్కున చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నిన్నెవుడు సూడమన్నాడు?"